కోడెను మప్పినట్టు కొత్త బండిని

పోయిన శుక్రవారం ఎపిసోడ్‌లో కొత్త పికప్ గురించి రెండు ముక్కలు మాట్లాడి, టైం అయిపోయిందని ఆపేసిన. తర్వాత వచ్చిన వాయిస్ మెసేజ్‌లు వింటే చాలామందిది ఒకటే ప్రశ్న. "అన్నా, కంపెనీ కొత్త ఆటోమేటిక్ బండి ఇచ్చింది. గేరు మారినప్పుడల్లా గుంజుతుంది. ఫోర్‌మన్ నన్నే తిడుతున్నడు. ఏం చెయ్యాలె?" ట్రాన్స్‌క్రిప్ట్‌లో దీనికి జవాబు దొరకదు, నేను చెప్పలేదు కాబట్టి. ఇక్కడ తీరుబడిగా రాస్తున్నా. జవాబు చిన్నదే కానీ దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియక నేను ఒక వారం నిద్ర పోలేదు.

ముందు నా సంగతి. మాది జగిత్యాల దిక్కు. 2009లో దోహా వచ్చిన. సనాయలో క్యాంపు, మెయింటెనెన్స్ కంపెనీలో డ్రైవర్ పని. 2023 ఫిబ్రవరిలో కంపెనీ ఒక డబుల్ క్యాబిన్ పికప్ కొని తాళాలు నా చేతిలో పెట్టింది. మీటర్ మీద 40 కిలోమీటర్లు కూడా లేవు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్ అట్లనే ఉంది. ఏ బ్రాండో చెప్పను. ఎన్ని గేర్లో చెప్పినా మీలో బండ్లు తెలిసినోళ్లు బ్రాండ్ కనిపెట్టేస్తరు, అందుకే అదీ చెప్పను.

మొదటి రోజే తేడా తెలిసింది. రెండు నుంచి మూడుకు పోయేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు దబ్బుమంటుంది. సిగ్నల్ దగ్గర ఆపబోతే చివరి క్షణంలో ముందుకు తోస్తుంది. ఒకసారి మెత్తగా పోతుంది, మళ్లా పది నిమిషాలకు గుంజుతుంది. మూడో రోజు ఫోర్‌మన్ పక్కన కూర్చున్నడు. రెండు సిగ్నళ్లు దాటినంక నా మొహం చూసి హిందీలో అన్నడు: "బండి కొత్తది, డ్రైవరే పాతోడు." గేర్ బాక్స్ పోతే ఖర్చు జీతంలోంచే అని కూడా అన్నడు. నవ్వుతూనే అన్నడు, కానీ మా క్యాంపులో ఆ మాటకు నవ్వేవాళ్లు లేరు. అంతకు ఏడేళ్ల ముందు మా రూమ్‌లోనే ఉన్న ఒక తమ్ముడికి ఇట్లనే అయ్యింది. గేర్ బాక్స్ పేరు చెప్పి మూడు నెలలు జీతం కోసిన్రు. అతను ఏం తప్పు చేసిండని ఎవరూ అడగలేదు. అతను కూడా అడగలేదు. చెల్లె పెండ్లి అప్పు మీదుండె, నోరు మూసుకున్నడు.

మా తాతకు రెండెకరాల పొలం, ఒక జత ఎడ్లు. కొత్త కోడెను కొన్నప్పుడు ఒక్కసారిగా నాగలికి కట్టడు. దాన్ని మప్పాలె అనేటోడు. ముందు వట్టి కాడి మెడ మీద పెట్టి ఊరి చుట్టూ తిప్పుతడు. తర్వాత పని తెలిసిన పాత ఎద్దు పక్కన కడతడు. ఖాళీ బండి గుంజిస్తడు. బరువు ఆఖరికి. ఇంకో సంగతి, దాపట మప్పిన ఎద్దును వలపట కడితే అది సాలు తప్పుతది. ఎడమ దిక్కు అలవాటైనది కుడి దిక్కు పని చెయ్యదు. గల్ఫ్‌కు వచ్చిన ప్రతి డ్రైవర్‌కు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఇంటి దగ్గర రోడ్డుకు ఎడమ పక్క పోయినోళ్లం, ఇక్కడ కుడి పక్క. స్టీరింగ్ ఎడమకు వచ్చింది. మొదటి నెల రోజులు రౌండబౌట్ చూస్తే నాకు చెమటలు పట్టేవి. అంటే మనల్ని కూడా మప్పిన్రు. లైసెన్స్ స్కూల్ అంటే అదే కదా.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం.

గేర్లు మార్చడం ఒకప్పుడు పెద్ద విద్య. కర్రుమని చప్పుడు రాకుండా గేరు వెయ్యడమే గొప్ప. అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీర్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. దాన్నే సింక్రోమెష్ అంటారు. 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. మనం నేర్చుకున్న ప్రతి మాన్యువల్ బండిలో ఇప్పటికీ ఆ ఉపాయమే ఉంది. అదే మనిషి తర్వాత అసలు గేరు రాడ్డుతో డ్రైవర్‌కు పని లేకుండా చేద్దామని కూర్చున్నాడు. జనరల్ మోటార్స్ 1939లో ప్రకటించి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టిన హైడ్రా-మాటిక్ అట్లా పుట్టింది. నాలుగు గేర్లు, క్లచ్ పెడల్ లేదు. అదనంగా 57 డాలర్లు. పెద్ద ఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ అదే.

ఇంజన్‌కూ గేర్లకూ మధ్య ఆయిల్‌తో బలం పంపించే ఆలోచన మాత్రం ఇంకా పాతది. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ 1905లో ఓడల కోసం పేటెంట్ తీసుకున్నాడు. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి మధ్యలో ఆయిల్ నింపితే, ఒకటి తిరిగితే రెండోది తిరుగుతుంది. ఇనుము ఇనుముకు తగలదు. సిగ్నల్ దగ్గర ఆటోమేటిక్ బండి గేరులో ఉండి కూడా ఆగిపోకపోవడానికి కారణం ఇదే.

యుద్ధం వచ్చింది. అమెరికా సైన్యం ఎం5 స్టువర్ట్ ట్యాంకుకు రెండు కాడిలాక్ ఇంజన్లు, ఒక్కోదానికి ఒక హైడ్రా-మాటిక్ పెట్టింది. బట్టల దుకాణంలో పని చేసే పిల్లగాణ్ని తీసుకొచ్చి ట్యాంకులో కూర్చోబెట్టాలంటే క్లచ్ నేర్పే టైం ఎక్కడిది? యుద్ధం అయ్యాక కంపెనీ దాన్ని ప్రకటనల్లో బాగా వాడుకుంది, యుద్ధంలో నెగ్గుకొచ్చిన గేర్ బాక్స్ అని. 1953 ఆగస్టు 12న మిషిగన్ రాష్ట్రం లివోనియాలో ఆ గేర్ బాక్సుల ఫ్యాక్టరీ వెల్డింగ్ రవ్వతో అంటుకుని కాలిపోయింది. కొన్ని నెలలు కాడిలాక్ కార్లకు బ్యూక్ గేర్ బాక్స్ బిగించి అమ్మాల్సి వచ్చింది. ఒకప్పుడు బాంబర్ విమానాలు చేసిన విల్లో రన్ షెడ్లు కొని మళ్లీ మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక కాకతాళీయం చెప్పాలి. హైడ్రా-మాటిక్‌ను ప్రకటించిన అదే 1939లో ఖతర్‌లోని దుఖాన్‌లో చమురు జాడ దొరికింది. యుద్ధం వల్ల 1942లో ఆ బావులకు సిమెంటు పోసి మూసేశారు. మళ్లీ తెరిచి, పైపులైన్ వేసి, ఉమ్ సయీద్ నుంచి మొదటి ఓడ నింపేసరికి 1949 డిసెంబర్ అయ్యింది. ఇప్పుడు మనం మెసయీద్ అంటున్నది అదే. అప్పట్లో ఇక్కడ చలామణీ అయ్యింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ దేశాల కోసం వేరే రంగులో నోట్లు అచ్చు వేసింది, నంబరు ముందు జెడ్ అక్షరం ఉండేది. 1966లో మన రూపాయి విలువ తగ్గించేదాకా ఖతర్ జనం అదే జేబులో పెట్టుకున్నారు. ఈ ముక్క చెప్తే మా రూమ్‌లో ఒక్కరూ నమ్మలేదు. రేటు చూసి రోజూ రూపాయిని తిట్టుకునే మనకు నమ్మబుద్ధి కాదు మరి.

1973లో చమురు ధర ఎగిరాక మన కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల నుంచి జనం బొంబాయి మీదుగా గల్ఫ్‌కు రావడం ఊపందుకుంది. మా ఊరి పెద్దాయన ఒకరు 1980లలో దోహాలో ఒక ఇంట్లో డ్రైవర్. ఊళ్లో మహీంద్రా జీపు నడిపిన మనిషి. ఇక్కడ చేతికి వచ్చింది షెవర్లే కాప్రిస్. గల్ఫ్‌లో ఆ కారుకు ఉన్న మోజు వేరే చెప్పక్కర్లేదు. మొదటి రోజు ఎడమ కాలు క్లచ్ కోసం వెతికి బ్రేకును బలంగా తొక్కిందట. వెనక సీట్లో ఉన్న పెద్దావిడ చేతిలో గవా కప్పు ముందు సీటు మీద పడింది. "కాలును తాడుతో సీటుకు కట్టుకున్నంత పని చేసిన్రా" అని ఇప్పటికీ చెప్తడు. మన దేశంలో మామూలు మనుషుల కార్లలోకి గేరు తనంతట తాను మార్చుకునే ఏర్పాటు వచ్చింది 2014లో, మారుతీ సెలేరియోతో. అది కూడా మాన్యువల్ గేర్ బాక్సుకే చేతులు పెట్టిన రకం. కాబట్టి మన డ్రైవర్లలో చాలామందికి ఆటోమేటిక్ అంటే గల్ఫ్‌లోనే మొదటి పరిచయం. నేర్పింది ఎవరూ లేరు. కాళ్లు రెండు కాదు ఒకటే వాడు అని ఎవడో ఒకడు చెప్తే అదే ట్రైనింగ్.

ఆ కాప్రిస్ కాలపు ఆటోమేటిక్‌కు జ్ఞాపకం లేదు. దాంట్లో అంతా ఆయిల్ ప్రెషర్ లెక్కే. బండి వేగం పెరిగే కొద్దీ ఒక పక్క నుంచి ప్రెషర్ పెరుగుతుంది. మనం పెడల్ తొక్కే కొద్దీ ఇంకో పక్క నుంచి ప్రెషర్ వస్తుంది. మధ్యలో ఒక వాల్వు. ఏది గెలిస్తే వాల్వు అటు జరిగి గేరు మారుతుంది. అరుగుదల వస్తే మెకానిక్ స్క్రూ తిప్పి, కేబుల్ బిగించి సరిచేసేవాడు. బండి దానంతట అది ఏమీ నేర్చుకోదు.

1980ల మొదట్లో టొయోటా లాంటి కంపెనీలు గేర్ మార్పిడిని చిన్న కంప్యూటర్‌కు అప్పజెప్పాయి. 1989లో క్రైస్లర్ అల్ట్రాడ్రైవ్ అని ఒకటి తెచ్చింది. నా లెక్కలో మన ఫోర్‌మన్ల గొడవ అక్కడ మొదలైంది. గేర్ బాక్సులోకి వచ్చే తిరుగుడు ఎంత, బయటికి పోయే తిరుగుడు ఎంత అని రెండు సెన్సర్లు కొలుస్తుంటాయి. కంప్యూటర్ "క్లచ్ పట్టు" అని ఆయిల్ పంపిస్తుంది. ఆ క్లచ్ నిజంగా పట్టడానికి ఎంతసేపు పట్టిందో చూస్తుంది. ఆలస్యమైతే వచ్చేసారి కొంచెం ఎక్కువ ఆయిల్, తొందరపడితే కొంచెం తక్కువ. ఇట్లా ప్రతి క్లచ్‌కు ఒక లెక్క రాసుకుంటుంది. బండి పాతబడి క్లచ్ ప్లేట్లు అరిగినా ఆ లెక్క దిద్దుకుంటూ పోతుంది. అడాప్టివ్ అంటే ఇదే, పరిస్థితిని బట్టి సర్దుకోవడం.

ఆలోచన గొప్పదే, ఆరంభం మాత్రం చెడింది. ఆ గేర్ బాక్సులు చాలా త్వరగా పాడై పెద్ద పేరు పోగొట్టుకున్నాయి. కారణాల్లో ఒకటి ఆయిల్. దానికి ప్రత్యేకమైన ఆయిల్ కావాలి. కానీ అది దొరక్కపోతే మార్కెట్లో దొరికే మామూలుది పోయొచ్చని కంపెనీ కాగితాల్లోనే ఉంది. అది నమ్మి పోసినవాళ్ల బండ్లు వణికాయి. నడిపేవాడి తప్పు ఏముంది అందులో? ఈ సంగతి చదివినప్పుడు మా రూమ్ తమ్ముడి మూడు నెలల జీతమే కళ్ల ముందు కనిపించింది.

జపాన్‌లో మిత్సుబిషి ఇంకో దారిలో పోయింది. 1992లో ఇన్వెక్స్ అని తెచ్చింది. రోడ్డు ఎక్కుడా దిగుడా చూసి గేరు ఎంచుకునే రకం. రెండేళ్లకు వచ్చిన ఇన్వెక్స్-2 డ్రైవర్ పద్ధతిని కూడా గమనిస్తుంది. అంటే నేర్చుకోవడం రెండు రకాలు. తన సొంత క్లచ్‌లను తాను తెలుసుకోవడం ఒకటి, డ్రైవర్ కాలును తెలుసుకోవడం రెండోది. క్యాంపుల్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు. "మొదటి వెయ్యి కిలోమీటర్లు గట్టిగా తొక్కు, బండి రేసు నేర్చుకుంటది" అని ఒకడు. "గుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కు, లేకుంటే జన్మంతా పెట్రోల్ తాగుతది" అని ఇంకొకడు. ఇద్దరిదీ సగం మాటే. కాలి అలవాటు బండి ఎప్పుడైనా మార్చుకుంటుంది. కొత్త బండి గుంజేది మొదటి రకం చదువు పూర్తి కాక.

ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అందులో ఉండేది ఎక్కువగా సగటు లెక్కలే. ఒక్కో గేర్ బాక్సులో ఒక్కో క్లచ్ వెంట్రుక మందం తేడాతో ఉంటుంది. ప్లేట్లు ఇంకా ఒకదానికొకటి కుదురుకోలేదు. అందుకే కొన్ని గేర్లు గట్టిగా, కొన్ని మెత్తగా పడతాయి. ఫోర్డ్ వాళ్ల మాన్యువల్లో ఈ మాట తేటగానే ఉంది: కొత్తదానికి ఇట్లా ఉండటం మామూలే, నడవగా నడవగా సర్దుకుంటుంది, బ్యాటరీ తీసి పెడితే మళ్లీ నేర్చుకోవాలి అని. నేను ఇది చదివింది డ్యాష్‌బోర్డ్ కింద ప్లాస్టిక్ సంచిలో పారేసిన పుస్తకాలు చూశాక. మా బండి కంపెనీ పుస్తకంలో కూడా అదే అర్థం వచ్చే రెండు లైన్లు ఉన్నాయి. పదిహేనేళ్లుగా డ్రైవర్‌ని, ఒక్క బండి పుస్తకమూ అంతకుముందు తెరిచి చూడలేదు. సిగ్గుగానే ఉంది రాయడానికి.

బ్యాటరీ అన్న మాట దగ్గర నాకు లైటు వెలిగింది. యార్డులో అడిగితే మలబారీ ఎలక్ట్రీషియన్ ఒప్పుకున్నడు. ట్రాకర్ బిగించడానికి, తర్వాత బీకాన్ లైటు వైరింగ్‌కు, మూడు రోజుల్లో రెండుసార్లు బ్యాటరీ కేబుల్ తీసిండట. అంటే బండి పొద్దంతా నేర్చుకున్నది రాత్రి తుడిచేసిన్రు. పైగా మూడో రోజే వెనక స్కాఫోల్డింగ్ పైపులు నింపి మెసయీద్ పంపిన్రు. టొయోటా పుస్తకం మొదటి 800 కిలోమీటర్లు ట్రైలర్ గుంజొద్దు అంటుంది, ఫోర్డ్ 1,600 అంటుంది. మా తాత కూడా అదే అన్నడు కదా, బరువు ఆఖరికి అని. ఆయనకు ఏ పుస్తకమూ చదవరాదు.

ఫోర్‌మన్‌తో వాదిస్తే పని కాదు. నేను ఒక నోట్‌బుక్ పెట్టిన. తేదీ, మీటర్, లోడు ఎంత, ఏ గేరులో గుంజింది, ఎండా చల్లనా, బ్యాటరీ తీసిన్రా. ప్రతి రోజు మీటర్ ఫోటో. ఐదో రోజు మాన్యువల్ పేజీ ఫోటో, నోట్‌బుక్ పేజీలు ఇంజనీర్ గారికి వాట్సాప్‌లో పంపిన. ఆయన సర్వీస్ సెంటర్‌కు పంపించిండు. వాళ్లు స్కానర్ పెట్టి చూసిన్రు. ఫాల్ట్ కోడ్ ఏమీ లేదు, నేర్చుకోవడం పూర్తి కాలేదు, అంతే. టెక్నీషియన్ నా పక్కన కూర్చుని ముప్పావు గంట నడిపించిండు. ఆ ముప్పావు గంటలో నేర్చుకున్నది చెప్తా.

ఆయిల్ బాగా వేడెక్కినాకే చదువు మొదలవుతుంది. కాబట్టి ముందు ఇరవై నిమిషాలు మామూలుగా నడపాలె. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఆగిన చోటు నుంచి సన్నగా, ఒకే తీరుగా పెడల్ పట్టి అన్ని గేర్లూ పైకి పోనివ్వాలె. మధ్యలో పెడల్ వదలడం, మళ్లా గుచ్చడం చెయ్యొద్దు. పై గేరుకు పోయినాక బ్రేకు మెత్తగా వేసి పూర్తిగా ఆగేదాకా రావాలె. చివరి చిన్న గేర్లు కూడా వాటి లెక్క రాసుకోవాలె కదా. మళ్లీ మొదలు. ఇట్లా పది పన్నెండు సార్లు, తర్వాత కొంచెం ఎక్కువ పెడల్‌తో. సనాయ ట్రాఫిక్‌లో గంటల తరబడి పాకితే ఇది జరగదు. దుఖాన్ రోడ్డు మీద సుమారు 80 కిలోమీటర్లు క్రూజ్ పెట్టి ఒకే స్పీడ్‌లో పోయినా జరగదు, ఎందుకంటే గేర్లే మారవు. ఇంజన్‌కు కూడా మొదట్లో ఒకే స్పీడ్ మంచిది కాదు. ఆ రోజు సాయంత్రం తేడా కనిపించింది. 700 కిలోమీటర్లు దాటేసరికి గుంజుడు పోయింది.

అయితే గుంజిన ప్రతిదీ చదువు అనుకోవద్దు. ఇది నేను గట్టిగా చెప్తున్నా. ఇంజన్ లేస్తుంది కానీ బండి కదలదు, మాడిన వాసన వస్తుంది, కింద ఎర్రటి ఆయిల్ చుక్కలు పడుతున్నయి, డ్యాష్‌బోర్డ్ మీద లైటు వెలిగింది, వేసిన గేరు రెండు మూడు సెకన్ల దాకా పట్టదు - ఇవి నేర్చుకుంటున్న లక్షణాలు కావు. పక్కకు ఆపి, ఫోటో తీసి, అప్పుడే మెసేజ్ పంపండి. ఎండాకాలంలో ఇసుకలో ఇరుక్కుని రివర్స్, డ్రైవ్, రివర్స్, డ్రైవ్ అని ఊపితే కొత్త గేర్ బాక్స్ కూడా అరగంటలో కాలిపోతుంది. సీలైన్ దిక్కు నేను కళ్లారా చూసిన.

జీతం కోత సంగతి అడిగినోళ్లకు. ఖతర్‌లో కంపెనీ కార్మికులకు 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ఉంది. డ్రైవర్ తప్పు వల్ల నష్టం జరిగిందని తేల్చాలంటే ముందు విచారణ చెయ్యాలె, మన మాట వినాలె. ఉత్తగా కోత రాయడానికి లేదు. ఇండ్లల్లో పనిచేసే డ్రైవర్లకు వేరే చట్టం, 2017 నాటి 15వ నంబరుది. 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్లు. ఆ వెయ్యిలో గేర్ బాక్స్ ఖర్చు కోస్తే ఇంటికి పంపేది ఏముంటది? చట్టం మన చేతికి రావాలంటే కాగితం ఉండాలె. మా తమ్ముడి దగ్గర లేదు. నా దగ్గర మూడు రియాళ్ల నోట్‌బుక్ ఉండె, అంతే తేడా. అతను ఇప్పుడు ఊళ్లోనే ట్రాక్టర్ నడుపుతున్నడు. ఈ కథ ఫోన్‌లో చెప్తే కాసేపు ఏం మాట్లాడలే. "నా బండి బ్యాటరీ కూడా అప్పుడు మార్చిన్రన్నా" అన్నడు.

పోయిన ఏడు రెండు నెలలు సెలవు మీద ఇంటికి పోయిన. బండి నేపాలీ తమ్ముడికి ఇచ్చిన్రు. తిరిగొచ్చి స్టార్ట్ చేస్తే గడియారం తప్పు టైం చూపిస్తుంది, రేడియో స్టేషన్లన్నీ పోయినయి. మూడో గేరుకు పోతుంటే దబ్బుమంది. ఫోర్‌మన్ నా దిక్కు చూసిండు. ఈసారి ఏమీ అనలేదు. శుక్రవారం పొద్దున ఖాళీ రోడ్డు చూసుకుని నోట్‌బుక్ సీటు మీద పెట్టుకుని బయల్దేరిన.